చప్పటి కూర

ఆ పొద్దున కూడా ఎలిశిబా పళ్లెం పక్కకు నెట్టేసింది.

"చప్పగుంది. నోట్లె పెట్టబుద్ధయితలేదు."

డ్యూటీకి బయలుదేరుతూ జడ అల్లుకుంటున్న పెర్సిస్ వంటింట్లోకి వెళ్లి, గిన్నెలోని బీరకాయ కూర కాస్త నాలుక మీద వేసుకుంది. ఉప్పూ కారమూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తిరిగొచ్చి తల్లి ముందు కూర్చుంది. వార్డులో రోగులతో మాట్లాడే మెత్తని గొంతుతో అడిగింది.

"అమ్మా, రాత్రి గోలి ఏసుకున్నవా?"

ఎలిశిబా కూతురి ముఖంలోకి నిదానంగా చూసింది. "కూర చప్పగుందంటే గోలి. నవ్వితే గోలి, ఏడిస్తే గోలి. నేను నీకు అమ్మనా, పేషెంటునా?"

"ఇప్పుడు కోపమెందుకమ్మా?"

"కోపం గూడ జబ్బేనా? రాసుకో మరి, డాక్టరుకు చెప్పు."

గరిటె చేత్తోనే గుమ్మంలోకి వచ్చాడు కృపాదానం. "నువ్వు పో బిడ్డా, బస్సు పోతది. మీ అమ్మను నేను జూసుకుంట."

ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి పెర్సిస్. చర్చి వెనక గల్లీలో వడ్రంగి పని చేసుకునే కృపాదానం, రంపం పట్టి పట్టి చేతులు కాయలు కాచినా, కూతుర్ని బీఎస్సీ నర్సింగ్ చదివించాడు. ఆమె మానసిక వైద్య వార్డులో ఉద్యోగంలో చేరిన ఏడాదే తల్లి జబ్బు బయటపడింది. ఎలిశిబా నిద్ర మానేసింది. ఇంట్లో బట్టలన్నీ గల్లీవాళ్లకు పంచిపెట్టింది. చివరికి మనోహరాబాద్ స్టేషన్ దగ్గర, మండుటెండలో చెప్పులు లేకుండా పట్టాల వెంట నడుస్తూ దొరికింది. గాలి సోకిందని కొందరన్నారు. విశ్వాసం సడలిందని కొందరన్నారు.

ఆ రోజు పెర్సిస్ తల్లిదండ్రులిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. "ఇది పాపం గాదు, గాలి గాదు. మెదడుల నరాలు ఒకదానికొకటి కబురు పంపుకోవాల్నంటే కొన్ని రసాయనాలు కావాలె. అవి అదుపు తప్పినయి. షుగరుకు మందున్నట్టే దీనికీ ఉన్నది. లిథియం అంటరు. భయపడకుండ్రి, అది గూడ ఒక తీరు ఉప్పే."

ఉప్పే కదా అన్న ధైర్యంతోనే ఎలిశిబా మింగడానికి ఒప్పుకుంది. మందు పనిచేసింది. మళ్లీ నిద్ర పట్టింది, మాట కుదురుకుంది. అయితే ఇల్లు మాత్రం మునుపటిలా లేదు. పట్టాల మాట తలచుకున్నప్పుడల్లా తండ్రీకూతుళ్లకు భయమే. ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఒంటరిగా గడప దాటనివ్వలేదు. తలుపుకు బయటి నుంచి గడియ, గడియకు తాళం పడ్డాయి. పెర్సిస్ బతుకూ అంతే అయింది. వార్డులో తాళంచెవి నడుముకే, ఇంట్లో తాళంచెవీ నడుముకే. వచ్చిన రెండు సంబంధాలూ తనే తిప్పికొట్టింది. ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకు బస్సెక్కుతున్నట్టుండేది ఆమెకు.

మధ్యాహ్నం తండ్రి ఫోన్ చేశాడు. "బిడ్డా, మీ అమ్మకు పొద్దటి సంది విరేచనాలు. నిలవడుతలేదు, తూలి పడుతున్నది. జర జల్ది రా."

పెర్సిస్ ఇల్లు చేరేసరికి ఎలిశిబా గోడకు ఆనుకొని ఉంది. చేతిలోని గ్లాసు వణుకుడికి నీళ్లన్నీ చీర మీదే ఒలుకుతున్నాయి. నోరు తెరిస్తే కల్లు తాగిన మనిషిలా మాట ముద్దముద్దగా వస్తోంది. చూడగానే పెర్సిస్‌కు అర్థమైంది. రక్తంలో లిథియం హద్దు మీరింది. ఇంకొంచెం పెరిగితే ప్రాణానికే ముప్పు.

"నాయినా, గోలీలు ఎక్కువిచ్చినవా?"

"నువ్వు చెప్పినన్నే ఇచ్చిన."

"అబద్ధమాడకు! ఊకెనే గిట్ల పెరగది. పొద్దున కోపం జేసిందని ఇంకోటి మింగిచ్చినవ్, అంతేనా?"

కృపాదానం ముఖం నల్లబడింది. "ప్రభువు తోడు, బిడ్డా. నా చేతులతోని నీ తల్లికి విషం పెడ్తనా? నువ్వు డ్యూటీకి పోతివి. వండుడు నేనే, కడుగుడు నేనే, ఆమె తిట్లు పడుడు నేనే. మా అన్న గతి ఈమెకు పట్టొద్దని ఉప్పు గూడ బంద్ జేసిన. ఇంకేం జెయ్యాలె నేను?"

పెర్సిస్ చెయ్యి తల్లి నాడి మీదే ఆగిపోయింది. "ఏం బంద్ జేసినవ్?"

"ఉప్పు. నువ్వే చెప్తివి గద, ఆ గోలి ఉప్పే అని. గోలితోని ఒక ఉప్పు, కూరతోని ఇంకో ఉప్పు, మనిషి తట్టుకుంటదా? ఉప్పుతోనే గద మా అన్నకు బీపీ పెరిగి కాలూ చెయ్యీ పడిపోయింది. అందుకే ఉప్పెయ్యకముందే మీ అమ్మ వంతు తీసి వేరే పెడుతున్న. ఎండలు మొదలైనకాడికెళ్లి గంతే."

పెర్సిస్‌కు అప్పుడు తెలిసింది. ఒంట్లో ఉప్పు తగ్గితే మూత్రపిండాలు లిథియాన్నే ఉప్పనుకొని బయటికి పోనివ్వవు. పైగా ఎండాకాలం, చెమటతో ఉన్న ఉప్పూ పోతుంది. పరీక్షలో పేజీ నిండా రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే ఇది. ఇంట్లో మాత్రం సగం చెప్పి ఊరుకుంది. చేయించాల్సిన రక్తపరీక్షను కూడా ఎండలు తగ్గాక చూద్దాంలెమ్మని వాయిదా వేసింది.

"నే...ను... చెప్తనే ఉన్న," అంది ఎలిశిబా, నాలుక తిరగక. "చప్ప...గుందని."

రోజూ చెబుతూనే ఉంది. పెర్సిస్ రోజూ రుచి చూస్తూనే ఉంది, వేరే గిన్నెలో.

ఆటోలో దవాఖానకు చేరగానే సెలైన్ ఎక్కించారు, గోలీ ఆపేశారు. ఆ పొద్దూ మరుసటి పొద్దూ తండ్రీకూతుళ్లు ఒకే బల్ల మీద, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక కూర్చున్నారు. మూడో పొద్దుకు ఎలిశిబా చేతులు కుదుటపడ్డాయి. రక్తపరీక్ష చూసి, ఇక తక్కువ మోతాదుతో మొదలుపెట్టొచ్చన్నాడు డాక్టరు.

"నాకొద్దు," అంది ఎలిశిబా.

మందు మానేస్తే ఏమవుతుందో పెర్సిస్‌కు తెలుసు. ఎండలో ఆ పట్టాలు కళ్ల ముందు మెదిలాయి. చెప్పడానికి నోటి నిండా చదువుంది. అదేదీ చెప్పకుండా తల్లి కాళ్ల దగ్గర మంచానికి నుదురు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

"నువ్వు నిజమే చెప్పినవమ్మా. నేనే నిన్ను నమ్మలే. జబ్బు మాట్లాడుతుందనుకున్న. నువ్వు మాట్లాడుతున్నవని అనుకోలే."

ఎలిశిబా కూతురి తల మీద చెయ్యి వేసింది. "ఏడువు. గోలి ఏసుకున్నవా అని నేనైతే అడగనులే."

ఆ మాటకు పెర్సిస్‌కు ఏడుపులోనే నవ్వొచ్చింది.

"నాకు తెల్వదా బిడ్డా, ఆ గోలి లేకుంటే నేనేమైతనో," అంది ఎలిశిబా. "పట్టాల మీద నా కాళ్లు కాలినయి గని నీయి గాదు. మింగుత. గని నా పొయ్యి నాకియ్యుండ్రి. తలుపుకు గడియ తియ్యుండ్రి. బాగలేనినాడు నేనే చెప్త. చెప్పినప్పుడు వినుండ్రి."

"వింటమమ్మా."

అప్పుడే కృపాదానం ఇంటి నుంచి మార్చుకునే చీర తెచ్చాడు. సంచీ విప్పి చూసిన ఎలిశిబా కళ్లు పెద్దవి చేసింది. పట్టుచీర. పెట్టె అడుగున నాఫ్తలిన్ ఉండల మధ్య దాచుకున్నది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది! దవాఖానల పట్టుచీర కట్టాల్నా? నేనేమన్న పెండ్లికొచ్చిన్నా? మడతలన్నీ ఖరాబ్ జేసుకొస్తివి! నీకు పాతచీరలే కానరాలేదా?"

"మంచిగుంటదని తెచ్చిన..."

"ఏంది మంచిగుండేది, నీ మొకం!"

గొంతు వరండా దాకా వినిపించింది. డ్యూటీలో ఉన్న రజని సిస్టర్ పరుగున లోపలికి వచ్చింది. "ఏమైంది? పేషెంట్ ఎక్సైట్ అవుతుందా? డాక్టర్‌ను పిలవాల్నా?"

పెర్సిస్ కళ్లు తుడుచుకుని తల్లి పక్కన మంచం మీద కూర్చుంది.

"వద్దు సిస్టర్. మా అమ్మకు మా నాయిన మీద కోపమొచ్చింది. రానియ్యుండ్రి."