మీరు మీరేనా?

"నీ ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ ఎవరో వేస్తున్నారు," అన్నాడు బాస్ ఫోన్లో.

హోటల్ గదిలో దొంగ మీసం అంటించుకుంటున్న గూఢచారి 'గాలి' చెయ్యి ఆగింది. ఎవరికీ చిక్కడని డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన ముద్దుపేరది.

"మంచిదేగా సార్. నాకో పని తప్పింది."

"వేస్తోంది వెల్వెట్."

వెల్వెట్! అతని పక్కనే పనిచేస్తూ అవతలి దేశం ముఠాకి అమ్ముడుపోయిన డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే గాలి లాంటివాడు కూడా పాస్‌వర్డ్ మర్చిపోతాడు.

"పోర్టల్‌లో వెరిఫై అయితే, ఇంటి లోన్ ఇచ్చిన బ్యాంకు అక్కడ పెట్టిన నీ ఇంటి అడ్రసు వాళ్ళ చేతికొస్తుంది. మీ ఆవిణ్ణి ఎత్తుకుపోయి నీ నోరు తెరిపిస్తారు. ఎవరు ముందు వెరిఫై అయితే వాళ్ళే నువ్వు. రెండోవాళ్ళకి లాక్. కానియ్!"

"మా ఇంటికి మనుషుల్ని పంపండి సార్."

"ఎక్కడికి పంపను? అడ్రసు మాకు కూడా చెప్పకుండా దాచావుగా, మహానుభావా!"

"టాక్స్ ఆఫీసుకి ఫోన్..."

"పొద్దుట్నించీ లైన్లోనే ఉన్నాం. మన కాల్ వాళ్ళకెంతో ముఖ్యమట."

గాలి లాప్‌టాప్ తెరిచాడు. మొహం చూపించమంది. మీసం పీకి చూపించాడు. సరిపోలేదంది. పోదూ మరి, రెండు మిషన్ల కిందటే ముక్కు ఆపరేషన్ చేయించుకున్నాడు. వేలిముద్ర అడిగింది. ముద్రలు ఎప్పుడో యాసిడ్‌తో చెరిపేసుకున్నాడు. పాత నంబరుకి ఓటీపీ పంపానంది. ఆ సిమ్ముని ఒక రైల్వే స్టేషన్లో నమిలి మింగేశాడు. ఇంత బతుకూ బతికి, తను తనేనని చెప్పుకోవడానికి ఒక్క ఆధారం మిగుల్చుకోలేదు.

బాస్ మనుషులు వెల్వెట్ స్క్రీన్‌ని దొంగచాటుగా చూస్తున్నారు. "నీ పాత మొహం మాస్క్ తగిలించుకుంది, పాసైంది. రబ్బరు వేలు పాసైంది. పాత సిమ్ కాపీ ఉందిట, ఓటీపీ కూడా కొట్టేసింది. నీకంటే నువ్వులా ఉందయ్యా!"

ఇక ఇద్దరికీ మిగిలింది సెక్యూరిటీ ప్రశ్న ఒక్కటే. ముందువి తప్పినా పాసైనా ఖాతా తెరిచేది అదేనట. మీ మొదటి ఉద్యోగం ఏది? మూడు ఛాన్సులు.

'క్యాంటీన్ వంటవాడు' అని కొట్టాడు. తప్పు. అదే నిజం కదా! అప్పుడు గుర్తొచ్చింది, ట్రైనింగ్‌లో మొదటి పాఠం: ఏ ఫారంలోనూ నిజం రాయకు. అబద్ధమే రాశాడు. ఏ అబద్ధం? 'ఇన్సూరెన్స్ ఏజెంట్'. తప్పు.

"వెల్వెట్ వంటవాడు అని కొట్టింది, తప్పు పడింది," అన్నాడు బాస్. "ఆ సంగతి మన ఫైల్లో కూడా లేదే. ఆమెకెవరు చెప్పారోయ్?"

గాలి తల దించుకున్నాడు. బాస్ ఎదురుగా లేకపోవడమే నయమైంది.

ఇక గత్యంతరం లేక ఇంటికి ఫోన్ చేశాడు. ఎనిమిది నెలల తర్వాత.

"హలో, నేను."

"నేనంటే ఎవరండీ?" అంది భార్య.

అది గుండెల్లో దిగింది. వెల్వెట్ 'వంటవాడు' అని కొట్టడంతో సహా గబగబా విషయం చెప్పాడు. "నువ్వు ముందు ఇంట్లోంచి వెళ్ళిపో!"

"అత్తయ్యగారు కాలికి కట్టుతో మంచం మీదున్నారు. ఎక్కడికి పోను? అడగాల్సిందేదో అడగండి."

"నా మొదటి ఉద్యోగం గురించి ఎవరికైనా అబద్ధం చెప్పానా?"

"వయొలిన్ మాస్టార్నని మా నాన్నకి చెప్పారు. ఆయన వాయించమంటారని వేళ్ళకి కట్టు కట్టుకొచ్చారు. మీ అబద్ధాలన్నీ నాకు కంఠతా వచ్చులెండి."

"వెల్వెట్ ఆఖరి ఛాన్స్! 'వయొ' దాకా కొట్టింది!" అని రెండో ఫోన్లో అరిచాడు బాస్. గాలి అల్లుకున్న కట్టుకథల చిట్టా మొత్తం వెల్వెట్ దగ్గరుంది.

గాలి వేళ్ళు కీబోర్డు మీద పరిగెత్తాయి. ఎంటర్!

స్క్రీన్ పచ్చబడింది. మీ గుర్తింపు నిర్ధారణ అయినది.

"ఆమెకి లాక్ పడింది! మనవాళ్ళు తలుపు విరగ్గొట్టారు, దొరికింది!" అన్నాడు బాస్. భార్య ఇంకా లైన్లోనే ఉంది. అంతా వింది.

"మరి వంటవాడన్నది నిజమేనా?"

"నిజమే."

"అది ఆవిడకి తెలుసు."

దేశదేశాల పోలీసుల ముందు తొణకనివాడు, ఆ గదిలో ఒంటరిగా, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చున్నాడు.

"సరే, రిటర్న్ వేసేసి రండి," అంది ఆమె. "టాక్స్ వాళ్ళైతే ఒక్క ప్రశ్నతో వదిలేశారు."