ఆరో ఇంటి పేల్ ఏల్

ఆరో ఇంటి మెట్లెక్కేసరికి ఎస్తేరు కాళ్ళు పీకుతున్నాయి, నాలుక మొద్దుబారింది. పొద్దుటి నుంచి ఐదిళ్ళు చూసింది, ఐదు పొయ్యిలకీ సీలు వేసింది. గోరువెచ్చటి నీళ్ళతో పుక్కిలించి, తన తీర్పులు అడిగి నమోదు చేసుకునే తుల్యమాపకాన్ని భుజంమీంచి దించి బల్లమీద పెట్టింది.

ఇంటాయన పైడయ్య, రేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి. మేడమీద కుండీలో తనే పెంచిన, బీరుకి చేదునిచ్చే హాప్ తీగ ఉంది. ఆ పువ్వులు తప్ప మరే రకమూ కలపడు. మొలకెత్తిన బార్లీని అరవై ఆరు డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు నానబెట్టి, వడకట్టి, పువ్వులేసి కాచి, చల్లార్చి, ఈస్ట్ కలిపి రెండు వారాలు కాపలా కూర్చుంటాడు. ఐదు లీటర్ల పేల్ ఏల్ బీరు కోసం ఇంత తంటా.

నిబంధన చిన్నదే. ఇంట్లో కాచిందీ, దాని రుచుల కొలతలు రాసిన రుచిపటం చూసి వీధిలోని నగర పాకయంత్రం పోసిందీ ఒకేలా ఉంటే, ఆ ఇంటి పొయ్యి దండగని సీలు వేసేయాలి. అది తేల్చేది ఎస్తేరు నాలుక. పందొమ్మిదేళ్ళుగా ఆరువందల పాకయంత్రాలు ఆ నాలుకనే కొలబద్దగా పెట్టుకుని నడుస్తున్నాయి. అందుకే ఆవిడ కారం తినదు, కాఫీ తాగదు. ఇదీ ఓ బతుకేనా అని ఈమధ్య తరచూ అనిపిస్తోంది.

పైడయ్య కాచిందీ, యంత్రం పోసిందీ, రెండు గ్లాసులూ రుచి చూసింది. అదే నారింజతొక్క వాసన, అదే చేదు. వీసమెత్తు తేడా లేదు.

"నన్నూ ఓపాలి సూడనియ్యమ్మా," అని పైడయ్య రెండూ తాగాడు. "అచ్చం నాదే. నేదని అబద్దమెలాగాడతాను? సీలెయ్యమ్మా."

"తర్వాత ఏం చేస్తారు?"

"ఏటి సేత్తాను? కిటికీ కాడ కూకుంటాను. పులిసీ గిన్ని బుడబుడమంటా ఉంటే ఇంట్లో ఇంకెవులో ఉన్నట్టుండీది."

ఎస్తేరు సీలు తీయబోయి ఆగింది. పొద్దున ఆ ఐదిళ్ళవాళ్ళూ ఏదో చెప్పబోయారు. తను వినిపించుకోలేదు.

"తేడా ఉంది," అంది మాపకంతో.

"ఏమిటో చెప్పండి," అడిగింది మాపకం.

"చివర్లో ఇంకో రుచి తగులుతోంది. ఇంట్లో కాచినదాంట్లోనే."

"నమోదైన రుచుల్లో అది లేదు. ఆరువందల యంత్రాలూ పని ఆపి దాన్ని వెతకాలి. దొరికేదాకా పాత తీర్పులేవీ చెల్లవు, వేసిన సీళ్ళన్నీ తీసేయాలి. నిర్ధారిస్తారా?"

లేని రుచి ఏ యంత్రానికీ ఎన్నటికీ దొరకదని ఆవిడకి తెలుసు. ఈ ఉద్యోగంలో ఇది ఆవిడ ఆడుతున్న మొదటి అబద్ధం.

"నిర్ధారిస్తున్నాను."

మాపకం ఎర్రదీపం వెలిగించుకుని మూగబోయింది. వీధి మొగలో పాకయంత్రం ముందు నిలబడ్డ జనం ఆగిపోయిందేమిటని గోల పెట్టడం కిటికీలోంచి వినిపించింది.

పైడయ్య బిత్తరపోయాడు. "ఏటమ్మా ఇది! నాకు తగల్ని రుసి మీకేటి తగిలింది?"

ఎస్తేరు గ్లాసు చాపింది.

"ఇంకొంచెం పొయ్యండి, బాబాయ్. వెతుకుదాం."