కనబడకుండా నిలబడ్డ అమ్మ

పొద్దున ఏడున్నరకు, బతుకుదెరువుకు వలస వచ్చిన హిందీ మాటల ఊళ్లో, గోడాదరా బస్టాపులో సారక్క ఎప్పటిలాగే కరెంటు స్తంభం చాటున నిలబడింది. పోలియో కాలు, చంకలో కర్ర. ఆ కర్ర కనబడిందా, సిటీ బస్సు ఆగనే ఆగదు. ఆ డ్రైవరు మహానుభావులకు తొందరెక్కువ! అందుకే మరమగ్గాల సాంచాల మీద పనిచేసే భర్త రఘుపతి ఒక ఉపాయం చెప్పాడు. ఏడేళ్ల కూతురు సింధూజ ముందు నిలబడి చెయ్యెత్తాలి, బస్సు ఆగాక సారక్క బయటికి రావాలి. బిడ్డను తెలుగు బడిలో దింపడానికి ఏడాదిగా అలాగే పోతున్నారు.

ఆ రోజు సింధూజ ఎక్కింది. సారక్క చంకలో కర్ర సర్దుకునేలోపే కండక్టరు గంట కొట్టాడు. బస్సు బిడ్డను తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాతి స్టాపులో దిగి, లారీలు తిరిగే రోడ్డు వెంట ఏడుస్తూ వస్తున్న పిల్లకు సారక్క ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఎదురుపోయింది.

ఆ రాత్రి పని పాళీ దిగి ఇంటికి వచ్చిన రఘుపతి సంగతి విని మండిపడ్డాడు.

"పొల్లకు ఏమన్న అయితే ఏం జేద్దువు? రేపటిసంది బడి బంద్. ఇద్దరు ఇంట్లనే ఉండుండ్రి!"

సారక్కకు ఒళ్లు భగ్గుమంది. "నా కాలు జూసి బిడ్డ సదువు బంద్ జేస్తవా? నన్ను దొంగసొమ్ము లెక్క స్తంభం ఎన్క దాసింది ఎవ్వలు? బిడ్డ ముంగట రోజు సిగ్గుతోని సచ్చిన!"

"బస్సు ఆగాలనే గద చెప్పిన!"

మూలన కూర్చున్న సింధూజ వెక్కుతూ అంది. "నేను ఒర్రిన నాయినా, రుకో, మా అమ్మ వస్తున్నదని. కండక్టర్ బయటికి తొంగిజూసిండు. ఆడ ఎవ్వలు లేరన్నడు."

కండక్టరును తిట్టబోయిన రఘుపతికి తన ఉపాయమే గుర్తొచ్చింది. పెళ్లాన్ని అంత బాగా దాచింది తనే. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తప్పు నాదేనే..."

"ఏడ్వకు," అంది సారక్క, కోపం దిగకుండానే. "రేపు నాతోని రా."

మర్నాడు ముగ్గురూ రోడ్డు అంచునే నిలబడ్డారు. బస్సు నెమ్మదించింది, కర్రను చూసి మళ్లీ కదలబోయింది. రఘుపతి ఉరికి దానికి అడ్డంగా నిలబడ్డాడు. డ్రైవరు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. రఘుపతి జరగలేదు.

"నిమ్మళంగ ఎక్కవే!" అని అరిచాడు.

సారక్క బస్సు మెట్టు మీద కూర్చుని, చేతుల మీద ఒక్కో మెట్టూ పైకి జరిగింది.

"జల్దీ, జల్దీ!" అన్నాడు నిన్నటి కండక్టరే.

"ఎక్కుతున్న గద, ఆగు!" బస్సంతా వినబడేలా గద్దించింది సారక్క.

కర్ర పట్టుకుని వెనకే ఎక్కిన సింధూజ కండక్టరు ముందు నిలబడి, తల్లిని వేలెత్తి చూపింది.

"దేఖో. మేరీ మమ్మీ."