గౌరీశ్వరి షెడ్డులో పన్నెండు వోల్టులు

సోంపేట అవతల, నూకయ్య కొబ్బరితోటలో ఒక మోటారు షెడ్డుంది. చీకటి పడ్డాక అక్కడ స్విచ్చు ముట్టుకున్నవాడి చెయ్యి గౌరీశ్వరి పట్టుకుంటుందని చెప్పుకునేవాళ్లు. నూకయ్య భార్య ఆవిడ. తడి చేత్తో ఆ స్విచ్చేసే పోయింది. పోయాక కూడా దానిమీద హక్కు వదులుకోలేదన్నమాట.

తోటలకి కరెంటు ఇచ్చేదేమో రాత్రిపూటే. దెయ్యానికీ కరెంటుకీ డ్యూటీ టైము ఒకటే.

రెండువేల నాలుగులో, టెక్కలిలో డిప్లొమా ముగించుకొచ్చిన దిలీప్ దీనికో లెక్క కట్టాడు. దెయ్యం ఉండేది రెండువందల ముప్ఫై వోల్టుల దగ్గర. మనం పన్నెండు వోల్టుల దగ్గర నొక్కితే సరి! గట్టు మీద ఒక స్విచ్చుపెట్టె, అక్కణ్ణుంచి ఎనభై మీటర్ల సన్నవైరు, షెడ్డులో రిలే బోర్డు. పన్నెండు వోల్టులు అందగానే రిలే టిక్కుమని అసలు కరెంటును కలుపుతుంది.

నొక్కాడు, మోటారు తిరిగింది. మళ్లీ నొక్కాడు, ఆగింది. ఇంకేం కావాలి? జేబులోంచి టెస్టరు కూడా తియ్యలేదు. ఆ వారమే పక్కతోట కామాక్షమ్మకీ ఒకటి బిగించేశాడు.

నాలుగో రాత్రి నూకయ్య మోటారు తిరగనని మూలిగింది. దిలీప్, అతని మేనమామ సింహాద్రి టార్చి పట్టుకుని వెళ్లారు.

"పెట్టె ఆపీసినావేటిరా?" గుసగుసగా అడిగాడు సింహాద్రి.

"ఆపినాను మావా. వైరు వదులైనట్టుంది. బిగించీ."

"నానా? సదివినోడివి, ముందు నువ్వు ముట్టుకో."

కొబ్బరాకు కూడా కదల్లేదు... దిలీప్ వేలు పెట్టాడు.

ఎవరో మోచేతి దాకా పట్టుకుని — గుంజి — గోడకేసి కొట్టారు!

"ఒలమ్మో!" సింహాద్రి టార్చి పారేసి బయటికి దూకాడు. "గౌరొదినా, గుంటడు తప్పు సేసినాడు, ఒగ్గీయే!"

దిలీప్ లేవలేదు. లెక్క వేస్తున్నాడు. మోటారు ఆగిందంటే రిలే ఒక వైరు తెంపింది. ఏ వైరు? రెండూ నల్లవే... తెంపింది న్యూట్రల్‌ని. కరెంటు మోసే ఫేజు తిన్నగా మోటారులోకి వస్తూనే ఉంది.

"మావా, వదిన కాదు, నాను!"

"అప్పుడే నువ్వూ దెయ్యమైపోనావేటిరా?"

దిలీప్‌కి నవ్వు రాలేదు. కామాక్షమ్మ షెడ్డులోనూ రెండు నల్లవైర్లే. అక్కడా తప్పు వైరు పడే అవకాశం సగానికి సగం. సాయంత్రం ఆవిడ అడిగింది కూడా — "ఎలక వైరు కొరికీసింది. పెట్టె ఆపీసి మార్చుకోవచ్చేటిరా?"

"నిబ్బరంగా మార్చుకో అత్తా" అన్నాడు.

టార్చి అందుకుని కామాక్షమ్మ తోటకి పరిగెత్తాడు.

షెడ్డులో బల్బు లేదు. గుమ్మంలో చెప్పులున్నాయి.

"అత్తా!"



టార్చి వేశాడు. కామాక్షమ్మ మోటారు పక్కన కూర్చునుంది. రెండు చేతులూ వైర్ల మీదే... తల వంగిపోయుంది...

ఆవిడ తల తిప్పి, నోట్లోంచి రెండు స్క్రూలు తీసింది.

"ఏటిరా, కంట్లోకా లైటు?"

"వదిలీ! కరెంటున్నాది!"

"ఇప్పుడు లేదు." బొడ్లోంచి తెల్ల పింగాణీ ఫీజు తీసి చూపించింది. "పెట్టె ఆపి టెస్టరెట్టినాను, ఎలిగింది. ఫీజు పీకి మళ్లీ టెస్టరెట్టినాను, ఆరింది. ఈ చీకట్లో తడుముకుని బిగిస్తన్నాను."

దిలీప్ గోడకి జారగిలబడ్డాడు. "ఎలిగిందని నాకు సెప్పలేదేటి అత్తా?"

"తెల్లారినాక సెబుదామనుకున్నాను. రాత్రిపూట ఇంటే జడుసుకుంటావని."