గేటు కాడ పండుకునే ఇంజన్

రైల్వే గేటు పడ్డది. సంపత్ ఏసీ బందు పెట్టి అద్దం దించిండు. గేరు న్యూట్రల్ చేసి క్లచ్ వదిలిండో లేదో, ఇంజన్ సప్పుడు ఆగిపోయింది. సరిగ్గ గేటు కాడ మక్కకంకులు కాల్చి అమ్మే లిడియా తోపుడుబండి ముందట!

పక్క సీట్ల ఉన్న నవత కడుపుల నిప్పు రాజుకుంది.

"ఎందుకు బందు పెట్టినవ్ బావా?"

"నేను పెట్టలే. అదే బందయింది."

"అదే అయితదా? నీ కారుకు కండ్లు గూడ ఉన్నయా?"

సంపత్ ఆమెకు మేనమామ కొడుకు. కొత్త కారు కొని నెలయింది. కరీంనగర్‌ల మగ్గం పని చేసే నవతను రోజూ సాయంత్రం చొప్పదండికి తనే తీసుకపోతుండు. రెండిండ్లల్ల పెండ్లి మాట నడుస్తుంది. "అవునో కాదో, ఇయ్యాల ఇంటికొచ్చినంక చెప్పు బిడ్డా" అన్నడు పొద్దున బాపు. నెల సంది మింగుకుంటూ వచ్చిన మాట ఇయ్యాల ఇంక ఆగలే.

"గిది మైల్డ్ హైబ్రిడ్ నవతా. పెట్రోలు బండే గని, సీటు కింద ఇంకో చిన్న బ్యాటరీ ఉంటది. బ్రేకు తొక్కినప్పుడల్ల కరెంటు దాచుకుంటది. ఆగితే ఇంజన్ తనంత తనే పండుకుంటది. క్లచ్ తొక్కితే లేస్తది. ఎత్తు ఎక్కేటప్పుడు జర తోస్తది గూడ."

"నా చెవుల పూలు పెట్టకు. కోర్టు సిగ్నల్ కాడ ఆగినం, పండుకోలే. బస్టాండు సిగ్నల్ కాడ ఆగినం, పండుకోలే. గీమె కనబడంగనే నిద్రొచ్చిందా దానికి?"

సంపత్ వంగి మీటర్ల దిక్కు చూసిండు.

"రోజూ ఐదింటికి నీ ఫోన్ల లిడియా పేరెందుకు కనబడుతది?"

ఈసారి సంపత్ చెవులు ఎర్రబడ్డయి. అది చూసి నవత ప్రాణం ఉసూరుమన్నది.

చినుకులు మొదలైనయి. లిడియా నిప్పుల మీద కంకి తిప్పుకుంట కేకేసింది. "సంపత్! కారం ఎక్కువనేనా?"

పేరు పెట్టి పిలుస్తుంది! కారం సంగతి గూడ తెలుసు! పైగా నవ్వితే బుగ్గ మీద సొట్ట. నవతకు సొట్ట లేదు. ఇరవైమూడేండ్లల్ల అది లోటని ఎన్నడూ అనిపించలే.

తలుపు తీసుకొని వానలనే దిగింది.

"మా బావ రోజూ నీ ముందటనే ఇంజన్ ఎందుకు బందు పెడుతుండు?"

లిడియా ఫక్కున నవ్వింది. "గా తెల్ల కారు, గా నీలం కారు చూడు. గవి గూడ గసొంటియే. గేటు పడంగనే అన్నీ సప్పుడు బందు చేస్తయి. గందరు నా కోసమే ఆగుతుండ్రంటే మా ఆయన ప్రేమ్‌చంద్ ఏం గావాలె?"

"మరి సిగ్నళ్ల కాడ ఆగదెందుకు?"

"ఏసీ ఫుల్లు పెడుతవా?"

"పెడుత."

"ఏసీ గట్టిగ నడిస్తే ఇంజన్ పండుకోదు. గేటు కాడ ఏసీ బందు పెట్టి అద్దం దించుతరు గద, గందుకే పండుకుంటది. మా ఆయన గివ్వే బండ్లు బాగు చేస్తడు. గది గాదు చెల్లె, అడగాల్సింది అడగవైతివి. బైపాస్ ఉండంగ రోజూ గీ గేటుకే ఎందుకొస్తుండు? ‘గేటు ఎప్పుడు పడుతది’ అని నాకు ఫోనెందుకు చేస్తుండు?"

నవత తడిసిన చున్నీతో వచ్చి సీట్ల కూలబడ్డది.

"గేటు పడే టైము నీకెందుకు బావా?"

సంపత్ స్టీరింగ్ దిక్కే చూసిండు. "గేటు పడితే పది నిమిషాలు నువ్వు నా పక్కన ఎక్కువ ఉంటవ్. ఇంటికి పోయినంక మీ బాపు ముందట నీ దిక్కు చూసే ధైర్యం చాలదు."

"గీ ముక్క నెల కింద చెప్తే ఏమాయె? నా కడుపు మండి బొగ్గయింది."

"కుళ్ళుకున్నవా?"

"కుళ్ళుకున్న. పెండ్లయినంక గూడ కుళ్ళుకుంట. నీకు ఇష్టమేనా?"

"పెండ్లయినంక" అన్న మాట దగ్గరనే సంపత్ ఆగిపోయిండు. తల గట్టిగ ఊపిండు.

నవత ఫోను తీసింది. "బాపూ, అవును."

"ఇంటికొచ్చినంక చెప్పమంటి గద బిడ్డా!"

"ఇంటికొచ్చేదాక ఆగలేను బాపూ. గేటు పడ్డది."