పానకంలో పుడక

“నువ్వు మంచం దిగడానికి వీల్లేదు. ఇది ఆర్డర్!” ఫోన్‌లో అరిచాడు చీఫ్.

“దిగుతానన్నానా సార్? పుడక వెళ్తుంది” అంది ఏజెంట్ తూనీగ, పిండికట్టు వేసిన కాలిని దిండు మీదికి జరుపుకుంటూ.

పుడక అంటే టెలిప్రెజెన్స్ రోబో. కింద చక్రాలు, మధ్యలో నిలువెత్తు కడ్డీ, పైన స్క్రీన్, అందులో తూనీగ మొహం. ఇక్కడ ఆమె జాయ్‌స్టిక్ తిప్పితే అది అక్కడ నడుస్తుంది. ఆమెను చూసి సొంతంగా నడవడమూ నేర్చుకుంది. దానికున్న జబ్బల్లా ఒక్కటే, ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరుతుంది. ఆ పేరు అందుకే వచ్చింది.

“మన సిగ్నల్ కోడ్ రాసింది మీ అక్క. ఆవిడని చంపడానికి విదేశీ ముఠా ఇవాళ కాన్ఫరెన్స్‌కి మనిషిని పంపుతోంది. పక్కన మన ఏజెంట్ నెమలి ఉందిగా! పుడకని పంపితే ఆటోనమీ ఆఫ్ చేసి పంపు. సొంత బుద్ధి ఉన్న యంత్రం కొంప ముంచుతుంది” అన్నాడు చీఫ్.

“చెయ్యను సార్. లింక్ తెగితే అది కొయ్యబొమ్మ. అక్కడున్నది మా అక్క.”

తూనీగ ఫోన్ పెట్టేసింది.

కాన్ఫరెన్స్ హాల్లో అక్క చుట్టూ జనం. పచ్చ గౌనులో మెరిసిపోతూ నెమలి.

“పిల్లి పాలు తాగిందా?” పుడక స్క్రీన్‌లోంచి, క్షేమమా అని కోడ్‌లో అడిగింది తూనీగ.

“గిన్నెతో సహా” నవ్వింది అక్క. “కాలు విరిగినా నీ తిరుగుడు మానవు కదే!”

“మేడమ్, జ్యూస్” అంటూ నెమలి గ్లాసు అందించబోయింది.

అంతే, ఇక్కడ తూనీగ ముందున్న స్క్రీన్ నల్లబడింది. జామర్!

 జాయ్‌స్టిక్ ఎటు తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. తూనీగ మంచం దిగబోయి నొప్పికి కేక పెట్టింది. అక్కా, తాగకు! ఆ మాట గది దాటలేదు.

ఉన్నట్టుండి స్క్రీన్ మీదికి బొమ్మ తిరిగొచ్చింది. కార్పెట్ మీద గ్లాసు ముక్కలు. జ్యూస్‌లో తడిసిన నెమలి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పొగ, జామర్ కాలిన పొగ. ఆమె ఉంగరానికి మూత తెరిచి ఉంది, లోపల తెల్లటి పొడి. అక్క పుడక వెనకాల క్షేమంగా ఉంది.

“ఉంగరం మూత వేసుకోవడం మర్చిపోయావు నెమలీ!” తూనీగ గొంతుకి పుడక స్పీకర్ దద్దరిల్లింది. “గార్డ్స్, పట్టుకోండి!”

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు.

“అలా అడ్డుపడమని ప్రోగ్రామ్ చేశావా?”

“లేదు సార్. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారు, మధ్యలో దూరింది.”

“పానకంలో పుడక!” గొణిగాడు చీఫ్.

“అది పానకం కాదు సార్, విషం. ఇంతకీ, ఆటోనమీ ఆఫ్ చెయ్యమంటారా?”

ఈసారి ఫోన్ పెట్టేసింది చీఫ్.