ఇంకో సీసా పాలు

బస్సు దిగడం ఆలస్యం, వైమారీ బట్టలుతికే గదిలోకి దూరింది. గొర్రెపిల్లలకి కలిపే పాలపొడి బస్తా అక్కడే ఉంటుంది. సీసాలో పొడి వేసింది, వేడినీళ్ళ కుళాయి తిప్పింది, గిలక్కొట్టింది, సీసాని జాకెట్ లోపల దాచుకుంది.

బయటికొస్తూ కిటికీలోంచి ఒకసారి తొంగి చూసింది. కోరో రగ్బీ మ్యాచ్ చూస్తూ కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు. కోరో అంటే వాళ్ళ తాతయ్య. మావోరీ పిల్లలు తాతయ్యని అలాగే పిలుస్తారు. ఈయన మాత్రం ఊళ్ళో అందరికీ కోరోనే.

ఇంటి వెనక గడ్డిమైదానంలోకి పరుగెత్తి వైమారీ గట్టిగా పిలిచింది.

"బూట్సూ! రా రా రా!"

కంచె దగ్గర పడుకున్న గొర్రెపిల్ల చెవులు రిక్కించింది. మే మే అంటూ వచ్చి ఆమె మోకాళ్ళకి ఢీకొట్టింది. వైమారీ సీసా తీసి నోటికి అందించింది. తోక టపటపా ఆడిస్తూ అది గటగటా తాగేసింది.

ఒకే కాన్పులో పుట్టిన మూడింట్లో అది ఆఖరుది. తల్లికి పాలు చాలక వైమారీ ఇంటికి చేరింది. నాలుగు కాళ్ళూ మోకాళ్ళ దాకా నల్లగా, రబ్బరు బూట్లు తొడుక్కున్నట్టు ఉంటాయి. పేరు కోసం ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోలేదు.

వసంతం వచ్చిందంటే వాళ్ళ స్కూల్లో పిల్లలెవరికీ పాఠాలమీద ధ్యాస ఉండదు. అందరి కళ్ళూ పెట్ డే మీదే. ఆ రోజు ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ తాము పెంచిన గొర్రెపిల్లనో దూడనో స్కూలుకి తీసుకొస్తారు. అందులో పిలుపు పోటీ అంటే అందరికీ ప్రాణం. గొర్రెపిల్ల మైదానం ఈ చివర, దాన్ని పెంచినవాళ్ళు ఆ చివర. ఒక్కొక్కరే వంతులవారీగా పిలవాలి, ఏది తక్కువ టైంలో పరుగెత్తుకొస్తే దానికే ఎర్ర రిబ్బన్.

పోయినేడు వైమారీ గొర్రెపిల్ల సగం దూరం వచ్చి, ఆగి, టీచరుగారి బూటు లేసు నమిలింది. రిబ్బన్ ఫెర్గస్‌కి వెళ్ళింది. అప్పట్నుంచీ వాడిది ఒకటే పాట.

"మీ గొర్రెకి చెవుడా వైమారీ? లేకపోతే నీ గొంతు దానికి నచ్చలేదా?"

ఈసారి వాడి నోరు మూయించాలని వైమారీ గట్టిగా అనుకుంది. అందుకే ఈ ఉపాయం. పిలిస్తే వచ్చిందా, పాలు. మళ్ళీ పిలిస్తే మళ్ళీ వచ్చిందా, మళ్ళీ పాలు.

అసలు బూట్సుకి పాలు పట్టే పని కోరోది. ఆయన బకెట్లో పాలు కలిపి, గరిటెడు పెరుగు వేసి, మూతపెట్టి ఉంచేస్తాడు. తోడుకున్నాక చల్లగా, కొంచెం కొంచెంగా పడతాడు. బూట్సు అవీ తాగుతుంది. కానీ వేడివేడి తియ్యటి పాలంటే ఎగిరొస్తుంది. ఆ సంగతి వైమారీ ఒక్కదానికే తెలుసు.

సాయంత్రం కోరో తన పుల్లపాలు తెచ్చాడు. బూట్సు వాటినీ వదల్లేదు.

"ఆకలి బాగానే ఉందే దీనికి!" అన్నాడు కోరో సంబరంగా.

వైమారీ నవ్వి ఊరుకుంది.

శనివారం పొద్దున కూడా ఆమె పిలిచింది, పాలు పట్టింది, ఇంట్లోకొచ్చి టిఫిన్ తింది. మళ్ళీ వెళ్ళి పిలిస్తే బూట్సు రాలేదు.

అది కంచె దగ్గర పక్కకి పడి ఉంది. పొట్ట బంతిలా ఉబ్బిపోయింది. పళ్ళు కొరుకుతోంది. వైమారీ ఇంటివైపు పరుగెత్తింది.

"కోరో! కోరో! త్వరగా రా!"

అమ్మ పక్క ఫారంలో ఆవుల పాలు పితకడానికి వెళ్ళింది. కోరో ఒక్క చూపు చూసి, చెప్పులు కూడా మార్చుకోకుండా ట్రక్కు తాళాలు అందుకున్నాడు. దారి పొడుగునా బూట్సు వైమారీ ఒళ్ళో ఉంది. ఊపిరి ఎగబీలుస్తోంది.

పశువుల ఆసుపత్రిలో బ్రోన్‌విన్ డాక్టరు దాన్ని బల్లమీద పడుకోబెట్టి పొట్టమీద వేళ్ళతో తట్టింది. డప్పులా మోగింది.

"ఏం తాగింది కోరో?"

"పెరుగు తోడేసిన పాలే. చల్లగా, కొంచెం కొంచెంగా. నా చిన్నప్పట్నుంచీ అలాగే పెంచుతున్నా. ఒక్కదానికీ ఇలా కాలేదు."

డాక్టరు నుదురు ముడిపడింది.

"అలాగైతే ఇది పాల వల్ల కాకపోవచ్చు. లోపల పేగు మెలిపడిందేమో. కోసి చూడాలి. ఇంత చిన్న ప్రాణం, ఈ స్థితిలో మత్తు తట్టుకుంటుందని నమ్మకం లేదు. అయినా తప్పదు."

కోరో తలూపాడు. డాక్టరు చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

వైమారీ బూట్సు చెవి నిమిరింది. చెబితే కోరోకి తెలిసిపోతుంది. ఇన్నాళ్ళూ ఆయన కళ్ళుగప్పిందని తెలిసిపోతుంది. చెప్పకపోతే బూట్సు పొట్ట కోస్తారు.

"డాక్టరాంటీ, ఆగండి! నేను పాలు పట్టాను. వేడి పాలు."

కుళాయి ఆగింది.

"ఎప్పుడు?"

"రోజూ. పిలిస్తే వచ్చినప్పుడల్లా. ఇవాళ పొద్దున కూడా."

"ఎంత?"

"నిండు సీసా. కాదు... రెండు."

వైమారీ కోరో వైపు చూడలేదు. డాక్టరు మాత్రం అప్పటికే అల్మారా తెరిచి సూదులు వెతుకుతోంది.

"చెప్పి మంచిపని చేశావు. ఇప్పుడే కొయ్యక్కర్లేదు. ముందు లోపలి గాలి తీసేద్దాం. కోరో, దాన్ని వెల్లకిలా తిప్పి కాళ్ళు పట్టుకోండి. నువ్వు తల పట్టుకో. మాట్లాడుతూ ఉండు, నీ గొంతు దానికి తెలుసుగా."

డాక్టరు కొంచెం బొచ్చు గొరిగి, అక్కడ మందు రాసి, పొడవాటి సూది దించింది. సుయ్‌మని గాలి బయటికొచ్చింది. కుళ్ళిన గుడ్డు కంపు గదంతా నిండిపోయింది. ఇంకొకప్పుడైతే వైమారీ ముక్కు మూసుకుని పారిపోయేది. ఇప్పుడు ఆ కంపు ఎంతసేపు వస్తే అంత మంచిదనిపించింది.

పొట్ట మెల్లగా దిగింది. డాక్టరు ఒక ఇంజెక్షన్ ఇచ్చి, దాన్ని గడ్డి పరిచిన పెట్టెలో పడుకోబెట్టింది.

"వేడి పాలు ఒకేసారి బోలెడు తాగేస్తే పొట్టలో ఉన్న క్రిములకి విందుభోజనం. అవి ఆ తీపంతా తిని గాలి పుట్టిస్తాయి. గాలి బయటికి పోలేక పొట్ట ఉబ్బుతుంది. పెరుగు తోడేస్తే తీపి ముందే తగ్గిపోతుంది, ఆ క్రిములకి అంత మేత దొరకదు. మీ కోరో పుల్లపాలు ఊరికే పట్టట్లేదు."

"బతుకుతుందా?" అంది వైమారీ.

"ఈ పూట గడవాలి. ఇక్కడే ఉంచండి."

తిరిగి వస్తుంటే కోరో ట్రక్కు నెమ్మదిగా నడిపాడు. వంతెన దాటాక అన్నాడు, "ఆకలి బాగానే ఉందే అన్నాను ఆ రోజు. నువ్వు నవ్వావు."

తిట్టినా ఇంత బాధేసేది కాదు. వైమారీ వెక్కివెక్కి ఏడ్చింది. కోరో ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేత్తో ఆమె తల తన వైపు లాక్కున్నాడు.

మర్నాడు ఫోను మోగింది. ఆసుపత్రి నుంచే. వెనకనుంచి మే మే అన్న అరుపు వినబడగానే వైమారీకి ప్రాణం లేచొచ్చింది.

"వచ్చి తీసుకెళ్ళండి బాబూ, చెవులు చిల్లులు పడుతున్నాయి!" అంది డాక్టరు.

వాళ్ళు వెళ్ళేసరికి బూట్సు ఆవరణలో నిలబడి అరుస్తోంది.

"పాపం, ఆకలేస్తోంది," అంది వైమారీ.

"ఇప్పుడే తాగింది. చెయ్యి పెట్టి చూడు. డొక్కలు పక్కటెముకలతో సమంగా ఉన్నాయా? అంటే సరిపోయినట్టే. బయటికి ఉబ్బితే ఎక్కువైనట్టు," అంది డాక్టరు.

"మరి ఎందుకు అరుస్తోంది?"

"గొర్రెలు మందలో బతికే జంతువులమ్మా. ఒంటరిగా ఉంటే భయం. దానికి మంద అంటే నువ్వే. రోజూ దాన్ని వెంటేసుకుని నడువు, పక్కన కూర్చో. పాల సీసా లేకపోయినా వస్తుంది."

వైమారీకి అంత నమ్మకం కుదరలేదు. అయినా అలాగే చేసింది. బూట్సుని వెంటేసుకుని కంచె చుట్టూ తిరిగింది, దాని పక్కనే కూర్చుని హోంవర్కు చేసింది. మొదట్లో అది జాకెట్ అంతా మూతితో పొడిచి సీసా కోసం వెతికింది. కొన్నాళ్ళకి వెతకడం మానేసి, ఒళ్ళో తలపెట్టుకుని పడుకునేది. జరిగింది మాత్రం స్కూల్లో ఎవరికీ చెప్పలేదు. ఫెర్గస్‌కి తెలిస్తే ఇంకేమైనా ఉందా!

పెట్ డే రోజు మైదానమంతా అరుపులే. సాసేజ్‌లు వేగుతున్న పొగ, పిల్లల గోల, దూడల అంబారవాలు. వైమారీ వంతు వచ్చింది. బూట్సుని ఈ చివర టీచరు పట్టుకుంది. వైమారీ ఆ చివరికెళ్ళి పిలిచింది.

"బూట్సూ! రా రా రా!"

అది ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది. తర్వాత నాలుగు నల్ల కాళ్ళూ గాల్లో తేలినట్టు వచ్చేసింది. టీచరు గడియారం చూసి కేకేసింది.

"ఇప్పటిదాకా ఇదే ఫస్టు! ఇక ఫెర్గస్ ఒక్కడే. తయారుగా ఉండు ఫెర్గస్!"

ఫెర్గస్ కంచె దగ్గరున్నాడు. వాడి గొర్రెపిల్ల గుంజకి కట్టేసి ఉంది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. వాడు మోకాళ్ళమీద కూర్చుని ఫ్లాస్కులోంచి వేడి పాలు సీసాలోకి ఒంపుతున్నాడు.

వైమారీ చూసింది. ఆ గొర్రెపిల్ల డొక్కలు అప్పుడే బయటికి ఉబ్బి ఉన్నాయి. ఇంకో సీసా తాగిందంటే అది పరుగెత్తలేదు. ఎర్ర రిబ్బన్ తనకే. నోరు మూసుకుని నిలబడితే చాలు.

ఆమె నిలబడలేకపోయింది. పరుగెత్తుకెళ్ళి సీసా మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇవ్వకు!"

"ఏం? ఓడిపోతానని భయమా? పొద్దున్నుంచీ ఏడుస్తోంది, కనబడట్లేదా? ఎన్ని పాలిచ్చినా ఆపట్లేదు."

"పొట్ట తడిమి చూడు. ఎంత బిగిసిందో చూడు."

"నువ్వేమన్నా డాక్టరువా?"

చుట్టూ పిల్లలు మూగారు. వెంటే వచ్చిన బూట్సుని వైమారీ దగ్గరికి లాక్కుంది.

"నేనూ ఇలాగే ఇచ్చాను. నీమీద గెలవాలని దొంగతనంగా ఇచ్చాను. బూట్సు పొట్ట ఉబ్బి చావబోయింది. సూదితో గాలి తీశారు. ఇదిగో, ఇక్కడ బొచ్చు ఇంకా సరిగ్గా మొలవలేదు."

ఎవరూ నవ్వలేదు. ఫెర్గస్ బూట్సు వైపు చూశాడు, తన గొర్రెపిల్ల వైపు చూశాడు. సీసా కింద పెట్టాడు.

"మరి ఏడుస్తోందిగా. ఏం చెయ్యను?"

"ఒక్కదాన్నే కట్టేసి నువ్వు సాసేజ్ తినడానికి పోయావు. భయపడింది. విప్పి కాసేపు నీతో తిప్పు."

ఫెర్గస్ టీచర్ని బతిమాలి కాస్త టైం తీసుకున్నాడు. తాడు విప్పి దాన్ని వెంటబెట్టుకుని కంచె పొడుగునా నడిచాడు. అరుపులు తగ్గాయి. కాసేపటికి ఆగిపోయాయి. అది వాడి పిక్కలకి రాసుకుంటూ నడవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత వాడు మైదానం చివరికెళ్ళి పిలిచాడు. గొర్రెపిల్ల వాడి గొంతు వినడమే ఆలస్యం, వదిలిన బాణంలా దూసుకుపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. టీచరు గడియారం చూసి, ఎర్ర రిబ్బన్ తీసుకెళ్ళి ఫెర్గస్ గొర్రెపిల్ల మెడలో కట్టింది.

వైమారీకి ఏడుపొచ్చింది. ఆపుకోవాలనుకుంది కానీ ఆగలేదు. ఆ రిబ్బన్ కోసం ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూసింది మరి.

ఫెర్గస్ తన గొర్రెపిల్లతో ఆమె దగ్గరికొచ్చాడు. చేతిలో పాల సీసా అలాగే ఉంది. వెక్కిరిస్తాడేమో అనుకుంది. వాడు వెక్కిరించలేదు.

"ఇప్పుడు ఇవ్వచ్చా?" అని అడిగాడు మెల్లగా.

వైమారీ మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. మోకాళ్ళమీద కూర్చుని, వాడి గొర్రెపిల్ల డొక్కలమీద రెండు చేతులూ పెట్టి తడిమి చూసింది.

"ఇంకా కాదు," అంది. "సాయంత్రం మళ్ళీ చూద్దాం."